మీ సైకిలుకు ఏ టైరు మంచిది?

దూరం తొక్కేవారికి, ఆసుపత్రికి సైకిలు మీద వచ్చేవారికి కొన్ని సూచనలు



ఆరోగ్య పత్రికలో సైకిలు టైర్ల గురించి రాయడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ మా ఓ.పి.లో వినబడే మాటలు చూడండి. "మోకాళ్ళు లాగేస్తున్నాయి సిస్టరమ్మా, ఏదైనా బిళ్ళ ఇవ్వండి" అని ఒకరు అంటారు. "మొన్ననే రావలసింది, దారిలో పంచరు పడింది, వెనక్కి తిరిగిపోయాను" అని ఇంకొకరు. "సైకిలు నెట్టుకొస్తుంటే కాలిలో ముల్లు దిగింది, పది రోజులైనా మానలేదు" అని షుగరు ఉన్న ఒక పెద్దాయన. ఈ మూడు కష్టాల వెనుకా చాలాసార్లు ఒకే వస్తువు ఉంటుంది. అది సైకిలు టైరు.

మన ఉద్దానంలో జీడి తోటలకు, కొబ్బరి తోటలకు పనికి వెళ్ళేవారు, చేపల బుట్ట కట్టుకొని ఊరూరా తిరిగేవారు, బడి పిల్లలు, ఇంటింటికీ వెళ్ళే ఆరోగ్య కార్యకర్తలు చాలామంది ఇప్పటికీ సైకిలు మీదే ఆధారపడుతున్నారు. ఇక సంఘ యువజనులలో కొందరు సెలవు రోజుల్లో గేర్ల సైకిళ్ళు వేసుకొని బారువ తీరానికో, టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షులను చూడడానికో దూర ప్రయాణాలు చేస్తున్నారు. మా గ్రామ సేవ సైకిళ్ళకు టైర్లు, ట్యూబులు కావాలంటే ఇండెంటు నా చేతి మీదుగానే వెళుతుంది. అందువల్ల ఈ విషయం కొంత తెలుసుకోవలసి వచ్చింది. అదే మీతో పంచుకుంటున్నాను.

చెప్పదలచుకున్నది ముందే చెబుతాను. మీ దారిని బట్టి టైరు కొనండి. టైరుకు తగిన గాలి ఉంచండి. చెడ్డ టైరు తెచ్చిన నొప్పికి నొప్పి బిళ్ళలు మింగకండి.

టైరు మన బలాన్ని ఎలా తింటుంది?

గాలి నింపిన టైరుకు 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంటు తీసుకున్నాడు గాని, అప్పట్లో అది వాడుకలోకి రాలేదు. తరువాత బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యం చేసే జాన్ బాయ్డ్ డన్‌లప్ తన చిన్న కొడుకు మూడు చక్రాల బండి కుదుపు లేకుండా నడవాలని చక్రాలకు గాలి గొట్టం చుట్టి చూశాడు. 1888లో పేటెంటు పొందాడు. మన పెద్ద నల్ల సైకిలు ట్యూబుకు ఉండే వాల్వును ఈనాటికీ ఆయన పేరుతోనే డన్‌లప్ వాల్వు అంటారు.

టైరు దొర్లేటప్పుడు నేలకు ఆనిన చోట నొక్కుకుపోతుంది, పైకి వెళ్ళగానే మళ్ళీ పొంగుతుంది. నొక్కుకోవడానికి మన కాలి బలం కొంత ఖర్చవుతుంది. పొంగేటప్పుడు అందులో కొంత తిరిగి వస్తుంది, మిగిలినది వేడిగా మారి పోతుంది. గాలి నిండిన బంతిని నేలకు కొడితే ఎగిరి చేతికి వస్తుంది, గాలి తగ్గిన బంతి నేలనే ఉండిపోతుంది. టైరు సంగతీ అంతే.

పెద్ద సైకిలు చక్రం ఒకసారి తిరిగితే సుమారు 2.2 మీటర్లు ముందుకు వెళుతుంది. అంటే ఒక కిలోమీటరుకు సుమారు 450 సార్లు తిరగాలి. పలాస నుంచి టెక్కలికి సుమారు 30 కి.మీ. అనుకుంటే 13 వేల సార్లకు పైగా తిరగాలి. ప్రతిసారీ రవ్వంత బలం పోయినా, చివరికి అది మోకాళ్ళ మీద పడుతుంది.

ఒక లెక్క చూద్దాం. మనిషి, సైకిలు, సామాను కలిపి 90 కిలోలు. వేగం గంటకు 14 కి.మీ. పైచిలుకు. తేలికగా దొర్లే టైరుకు గట్టి రోడ్డు మీద సుమారు 18 వాట్ల శక్తి సరిపోతుంది. దానికి రెట్టింపు బరువుగా దొర్లే టైరుకు 35 వాట్లు కావాలి. ఎదురుగాలి లేనప్పుడు ఆ వేగంలో గాలిని చీల్చుకొని పోవడానికి పట్టే శక్తి కూడా 20 వాట్ల దరిదాపే. అంటే నెమ్మదిగా తొక్కే మనలాంటి వారికి టైరే పెద్ద భారం. పందెం తొక్కేవారికి గాలి శత్రువు, మనకు టైరు శత్రువు.

మన దారుల్లో ఏమేమి గుచ్చుకుంటాయి?

టైరు కొనే ముందు దుకాణం చూడకండి, మీరు రోజూ వెళ్ళే దారిని చూడండి.

పదహారో నంబరు జాతీయ రహదారి మీద, అంటే మన పాత ఐదో నంబరు రోడ్డు మీద, ముళ్ళు తక్కువ. కాని పేలిపోయిన లారీ టైర్లలోని సన్నని ఉక్కు తీగ ముక్కలు రోడ్డు అంచున పడి ఉంటాయి. సైకిలు తొక్కేది ఆ అంచునే. ఆ తీగ వెంట్రుకలా సన్నగా ఉంటుంది, కంటికి కనబడదు, టైరులోకి దూరి రోజూ కొత్త పంచరు చేస్తుంది. గాజు పెంకులు కూడా ఈ అంచుకే చేరతాయి.

టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు క్వారీలు ఉన్నాయి. రాతి లారీలు తిరిగే దారుల్లో పదునైన రాతి పలుకులు ఉంటాయి. అవి టైరును గుచ్చవు, కోస్తాయి.

నౌపడ ఉప్పు మళ్ళ వైపు వెళ్ళే దారుల్లో ఉప్పు తేమే ఇబ్బంది. రిమ్ము, చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన చువ్వ కొన ట్యూబును లోపలి నుంచే పొడుస్తుంది. ఎంత ఖరీదైన టైరు వేసినా ఈ పంచరు ఆగదు. రిమ్ము లోపల చుట్టే రబ్బరు టేపు బాగుంటేనే ఆగుతుంది.

ఇక మన తోటల దారులు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు తోటల్లో ఇసుక నేల. ఆ ఇసుకలో పల్లేరు కాయలు, గట్ల మీద ఈత ముళ్ళు, తుమ్మ ముళ్ళు. పల్లేరు కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. అమెరికాలో కూడా సైకిలు తొక్కేవారికి ఈ కాయ పెద్ద శత్రువు, దానికి పంచరు తీగ అనే పేరే ఉంది. కాని దీని ముల్లు పొట్టిది. కాస్త మందమైన టైరు దాన్ని చాలావరకు ఆపగలదు. ఈత ముల్లు పొడవైనది, దాన్ని ఆపడం కష్టం.

వెడల్పు టైరా, సన్నటి టైరా?

సన్నటి టైరు వేగంగా పోతుందని చాలామంది నమ్మకం. అది సగమే నిజం. ఒకే రకం తయారీ, ఒకే గాలి ఒత్తిడి ఉంటే వెడల్పు టైరే తేలికగా దొర్లుతుంది. ఎందుకంటే వెడల్పు టైరు నేలకు ఆనే చోటు పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. సన్నటి టైరుకు ఆ చోటు పొడుగ్గా ఉండి టైరు ఎక్కువ వంగవలసి వస్తుంది. సన్నటి టైరులో గాలి చాలా గట్టిగా కొట్టవచ్చు, అందువల్ల నున్నని రోడ్డు మీద అది బాగుంటుంది. గతుకుల రోడ్డు మీద ఆ గట్టితనం వల్ల సైకిలు ఎగిరెగిరి పడుతుంది. నడుము నొప్పి, మణికట్టు నొప్పి అక్కడే మొదలవుతాయి.

ఇసుకలో సన్నటి టైరు దిగబడుతుంది. వెడల్పు టైరులో గాలి కొంచెం తగ్గిస్తే పైన తేలినట్టు పోతుంది. కాని మళ్ళీ తారు రోడ్డు ఎక్కగానే గాలి కొట్టుకోవాలి. అందుకని ఇసుక దారి, తారు రోడ్డు రెండూ ఉన్నవారు చిన్న పంపు ఒకటి సైకిలుకు కట్టుకోవడం మంచిది.

టైరు మీద బొడిపెలు ఎత్తుగా ఉంటే పట్టు ఎక్కువని కొంటారు. బురదలో, ఇసుకలో ఆ మాట నిజమే. తారు, సిమెంటు రోడ్ల మీద ఆ బొడిపెలు వంగుతూ లేస్తూ మన బలాన్ని తింటాయి. వానలో నున్నని టైరు జారుతుందని కొందరు భయపడతారు. కారు చక్రంలా నీటి పొర మీద తేలిపోవడం మామూలు వేగంలో సైకిలుకు జరగదు. మధ్యలో నున్నగా ఉండి, పక్కలకు చిన్న గీతలు ఉన్న టైరు మన రోడ్లకు చాలు.

ముల్లు ఆపే టైరు అంటే ఏమిటి?

మామూలు టైరులో నూలు లేదా నైలాను పొర, దాని మీద రబ్బరు ఉంటాయి. ముల్లు ఆపే టైరులో ఈ రెండింటి మధ్య ఇంకొక పొర ఉంటుంది. కొన్నింటిలో కెవ్లారు వంటి గట్టి నారతో నేసిన సన్నని పట్టీ, కొన్నింటిలో మందమైన మెత్తని రబ్బరు పట్టీ వాడతారు. జర్మనీకి చెందిన ష్వాల్బే కంపెనీ దూర ప్రయాణాలకు చేసే మారథాన్ ప్లస్ టైరులో ఆ రబ్బరు పట్టీ 5 మి.మీ. మందం ఉంటుంది. పొట్టి ముల్లు దిగినా ట్యూబు దాకా చేరదు.

కాని ఏదీ ఉచితంగా రాదు. పొర ఎంత మందమైతే టైరు అంత బరువు, అంత బిగువు, తొక్కడానికి అంత కష్టం. నార పట్టీ టైరు తేలికగా దొర్లుతుంది, గాజు పెంకును బాగా ఆపుతుంది, కాని సన్నని ముల్లు, తీగ నారల మధ్య నుంచి దూరిపోవచ్చు. రబ్బరు పట్టీ టైరు ముల్లును బాగా ఆపుతుంది, కాని బరువు. కాబట్టి అన్నింటికంటే గట్టి టైరు అందరికీ మంచిది కాదు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు ఏడాదికి ఒకసారి పడే పంచరుకు భయపడి రోజూ బరువు టైరు తొక్కడం తెలివైన పని కాదు.

విదేశీ టైర్లు మన ఊళ్ళలో దొరకవు, తెప్పించుకుంటే ధర ఎక్కువ. మన దేశంలో తయారయ్యే టైర్లు మంచివి ఉన్నాయి. లూధియానాలో రాల్సన్, మెట్రో కంపెనీలు, హైదరాబాదులో హార్టెక్స్ కంపెనీ సైకిలు టైర్లు చేస్తున్నాయి. ఫలానా కంపెనీ కొనమని నేను చెప్పడం లేదు. దుకాణంలో "పంచరు పట్టీ ఉన్న టైరు ఉందా?" అని అడగండి. టైరును చేతితో నొక్కి చూడండి. పక్క భాగం మెత్తగా వంగాలి, మధ్య భాగం మందంగా ఉండాలి. రబ్బరు మీద సన్నని పగుళ్ళు ఉంటే అది చాలాకాలం నిల్వ ఉన్న టైరు, వద్దనండి. పక్కన వెలుగుకు మెరిసే తెల్ల గీత ఉన్న టైరు దొరికితే ఇంకా మంచిది. చీకటిలో లారీ దీపాల వెలుగు అడ్డంగా పడినప్పుడు ఆ గీత మెరుస్తుంది.

కొత్త టైరుకు డబ్బు లేనప్పుడు ఇంకా మార్గాలు ఉన్నాయి. మందమైన ట్యూబు వేయించుకోవచ్చు. టైరుకు, ట్యూబుకు మధ్య పట్టీ వేయించుకోవచ్చు. పాత టైరు ముక్కను కోసి వేస్తారు, కాని దాని అంచులు పల్చగా చెక్కించాలి, లేకపోతే ఆ అంచే ట్యూబును రాస్తుంది. ట్యూబులో పోసే పంచరు ద్రవం పల్లేరు ముళ్ళ వంటి చిన్న రంధ్రాలను పూడుస్తుంది, పెద్ద కోతను పూడ్చలేదు. గాలి అక్కరలేని గట్టి రబ్బరు టైర్లు కూడా వస్తున్నాయి. వాటికి పంచరు ఉండదు, కాని బరువుగా దొర్లుతాయి, కుదుపు అంతా వెన్నుకే వస్తుంది. నడుము నొప్పి ఉన్నవారికి, గర్భిణీ స్త్రీలను, పిల్లలను ఎక్కించుకొనేవారికి అవి వద్దు.

టైరు మీద అంకెలు చదవండి

టైరు పక్కన రెండు రకాల అంకెలు ఉంటాయి. ఒకటి అంగుళాల్లో, ఇంకొకటి మిల్లీమీటర్లలో. అంగుళాల అంకె మోసం చేస్తుంది, మిల్లీమీటర్ల అంకె నిజం చెబుతుంది. ఉదాహరణకు పెద్ద నల్ల సైకిలు టైరు మీద 28 x 1½ అని, 40-635 అని ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు, రెండవది రిమ్ము మీద కూర్చునే చోట టైరు వ్యాసం. కొత్త గేర్ల సైకిళ్ళలో 700 సి అనే చక్రం వస్తుంది. దాన్ని కూడా 28 అంగుళాలు అనే అంటారు, కాని దాని అంకె 622. తేడా 13 మి.మీ. ఒకదాని టైరు ఇంకొకదానికి ఎక్కదు.

అలాగే ఆడపిల్లల సైకిళ్ళకు ఎక్కువగా ఉండే 26 x 1⅜ టైరుకు అంకె 590, లావు బొడిపెల టైర్ల 26 అంగుళాల సైకిలుకు 559. రెండూ 26 అంగుళాలే, కాని తేడా 31 మి.మీ. ఎవరితోనైనా టైరు తెప్పించుకొనేటప్పుడు ఈ రెండవ అంకెను కాగితం మీద రాసి ఇవ్వండి. వృథా తిరుగుడు తప్పుతుంది.

గాలి: ఖర్చు లేని మందు

టైరు మీద ఎంత గాలి పట్టాలో పి.ఎస్.ఐ. అని ముద్రించి ఉంటుంది. మన దగ్గర పాయింట్లు అంటారు. అంతకు మించి కొట్టవద్దు. సాధారణంగా వెనుక చక్రం మీదే ఎక్కువ బరువు పడుతుంది, కాబట్టి వెనుక టైరులో గాలి కొంచెం ఎక్కువ ఉండాలి. క్యారియరు మీద మనిషిని గాని, కొబ్బరి బస్తాను గాని ఎక్కిస్తే మరీ చూసుకోవాలి.

డన్‌లప్ వాల్వుకు మీటరు పెట్టి కొలవడం కుదరదు. అందుకని ఒకరు సైకిలు ఎక్కి కూర్చోండి, ఇంకొకరు పక్క నుంచి చూడండి. టైరు అడుగు భాగం కొద్దిగా మాత్రమే ఉబ్బాలి. బాగా నొక్కుకుపోతే గాలి చాలదు. ఏమాత్రం నొక్కుకోకపోతే మరీ ఎక్కువ. వారానికి ఒకసారి ఇలా చూస్తే చాలు.

గాలి తక్కువైతే రెండు నష్టాలు. ఒకటి, తొక్కుడు బరువు. రెండు, గుంతలో పడినప్పుడు రాయికి, రిమ్ముకు మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి, పాము కాటు వేసినట్టు. ఆ రెండు గాట్లు కనబడితే ముల్లు కోసం వెతకనక్కర లేదు, తగినంత గాలి లేక పడిన పంచరు అది.

ఎవరికి ఏ టైరు?

1. ఊళ్ళో, తారు రోడ్ల మీద తిరిగేవారికి: సైకిలుకు పట్టే మామూలు వెడల్పు, మధ్యలో నున్నని టైరు, నిండుగా గాలి. ప్రత్యేకమైన టైరు అక్కర లేదు.

2. తోటల ఇసుక దారుల వారికి: రిమ్ముకు, ఫోర్కుకు పట్టినంత వెడల్పు టైరు, మందమైన మధ్య భాగం, పల్లేరు ఎక్కువైతే మందం ట్యూబు.

3. జాతీయ రహదారి మీద దూరం వెళ్ళే యువకులకు: 700 సి చక్రమైతే 32 నుంచి 40 మి.మీ. వెడల్పు, నార పట్టీ ఉన్న నున్నని టైరు, మెరిసే గీత. సామాను ఎక్కువైతే వెనుకకు ఇంకా మందమైనది.

4. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు, పాస్టర్లకు: వేగం కంటే చేరడం ముఖ్యం గనుక రబ్బరు పట్టీ ఉన్న గట్టి టైరు.

5. మోకాళ్ళ నొప్పి, గుండె జబ్బు, రక్తహీనత ఉన్నవారికి: తేలికగా దొర్లే టైరే ముందు. పంచరు భయానికి ఒక ట్యూబు, చిన్న పంపు వెంట పెట్టుకోండి.

నాలుగవ సంగతికి ఒక మంచి ఉదాహరణ ఉంది. 2004 డిసెంబరు సునామీ తరువాత శ్రీలంకలో సైకిళ్ళు ఇవ్వడానికి 2005లో వరల్డ్ బైసికిల్ రిలీఫ్ అనే సంస్థ మొదలైంది. తరువాత ఆఫ్రికాలోని జాంబియాలో రోగులను ఇళ్ళకు వెళ్ళి చూసే కార్యకర్తలకు సైకిళ్ళు ఇచ్చింది. వారి సైకిలు పేరు బఫెలో. పేరుకు తగ్గట్టు బరువైనదే, కాని గట్టి టైర్లు, బరువు మోసే క్యారియరు ఉంటాయి. రోగి ఎదురు చూస్తున్నప్పుడు ఆగిపోని సైకిలే వేగమైన సైకిలు.

ఇంకొక మాట. వెనుక టైరు ముందు అరుగుతుంది. అరిగినప్పుడు ముందు టైరును వెనక్కి మార్చి, కొత్త టైరును ముందుకు వేయించండి. ముందు టైరు పేలితే మనిషి పడతాడు, వెనుక టైరు పేలితే చాలాసార్లు సైకిలు మాత్రమే ఆగుతుంది.

పంచరు వేసేటప్పుడు దూది ఉండ

పంచరు వేయించినా మర్నాడే మళ్ళీ గాలి పోయిందంటే, ముల్లు గాని తీగ గాని టైరులోనే ఉండిపోయిందన్న మాట. లోపల వేలు పెట్టి తడిమితే వేలు తెగుతుంది. దానికి బదులు చిన్న దూది ఉండతో టైరు లోపలంతా తుడవండి. ముల్లు ఉన్న చోట దూది పోగు చిక్కుకుంటుంది. అక్కడ పట్టుకారుతో లాగేయండి. దూదితో మేము గాయాలే కాదు, టైర్లు కూడా తుడుస్తామని మా సిస్టర్లు నవ్వుతారు.

గాలి ఎక్కడ పోతున్నదో తెలియకపోతే వాల్వు మీద రెండు చుక్కల నీళ్ళు వేయండి. బుడగలు వస్తే వాల్వు ట్యూబు పాడైనట్టు. ఎండకు ఆ చిన్న రబ్బరు ఎండిపోతుంది. అది మార్చడానికి అయ్యే ఖర్చు టీ ఖర్చు కంటే ఎక్కువ కాదు.

ముల్లు మనిషికే దిగితే సబ్బు, మంచినీళ్ళతో బాగా కడగాలి. పసుపు, పేడ, కిరసనాయిలు పెట్టకూడదు. మట్టి పట్టిన లోతు గాయమైతే, చివరిసారి ధనుర్వాతం టీకా వేసుకొని 5 ఏళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోవాలి. ఇప్పుడు టి.టి. బదులు టి.డి. టీకా వేస్తున్నారు, అది ధనుర్వాతంతో పాటు కంఠసర్పిని కూడా ఆపుతుంది. షుగరు ఉన్నవారికి కాలిలో ముల్లు దిగినా నొప్పి తెలియకపోవచ్చు. పంచరైన సైకిలును నెట్టుకొని తోట దారిన నడిచిన రోజు, ఇంటికి రాగానే రెండు పాదాలూ అడుగున చూసుకోండి. కంటికి ఆనకపోతే ఇంట్లో పిల్లలను చూడమనండి.

నొప్పి బిళ్ళ జాగ్రత్త

ఈ వ్యాసంలో అన్నింటికంటే ముఖ్యమైన మాట ఇది. గాలి లేని టైరు తొక్కితే మోకాలు నొప్పి. నొప్పికి దుకాణం నుంచి బిళ్ళ. రోజూ బిళ్ళ. మన ప్రాంతంలో ఇది ప్రాణాల మీదికి తెచ్చే అలవాటు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి బిళ్ళలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో చెమట పట్టి, ఒంట్లో నీరు తగ్గిన వేళ అవి వేసుకుంటే కిడ్నీకి దెబ్బ మీద దెబ్బ. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకు ఇంత ఎక్కువో, ఒక్క కారణం అని వైద్యులు ఇంతవరకు తేల్చలేదు. కారణం ఏదైనా, ఇప్పటికే బలహీనంగా ఉన్న కిడ్నీ మీద నొప్పి బిళ్ళ భారం వేయకూడదన్నది మాత్రం ఖాయం.

మోకాలు నొప్పి వస్తే ముందు టైరులో గాలి చూడండి. తరువాత సీటు ఎత్తు చూడండి. పెడలు కిందికి వచ్చినప్పుడు కాలు దాదాపు చాపుకోవాలి, మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు గారికి చూపించుకొని, ఆయన రాసిన మందే వేసుకోండి. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.

డయాలసిస్ చేయించుకునేవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. చాలామందికి ఇప్పుడు దూరం తగ్గింది. అయినా సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చికిత్స. ఒక్క పంచరు వల్ల ఒక్క రోజు తప్పినా ఒంట్లో నీరు చేరి ఆయాసం రావచ్చు. ఆ రోజు సైకిలు మీద ఆధారపడకండి, వేరే ఏర్పాటు ముందే చేసుకోండి. డయాలసిస్ అయ్యాక బి.పి. పడిపోయి కళ్ళు తిరగవచ్చు, సూది చోట రక్తం కారవచ్చు. ఆ రోజు సైకిలు తొక్కనే వద్దు. ఫిస్టులా ఉన్న చేతితో పంపు కొట్టవద్దు, బరువు ఎత్తవద్దు. ఎండలో తొక్కేవారు నీళ్ళు బాగా తాగాలన్న మాట మామూలు వారికే. మీకు డాక్టరు గారు చెప్పిన కొలతే కొలత.

తుఫాను నెలలకు ముందు

2013 అక్టోబరులో పైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ మనకు నేర్పిన పాఠం ఉంది. తిత్లీ మన తీరాన్నే దాటింది. కొబ్బరి, జీడి చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి, కరెంటు లేదు. అలాంటప్పుడు చెట్టు మీదుగా ఎత్తి దాటించగలిగిన వాహనం సైకిలు ఒక్కటే. కాని కూలిన ఇళ్ళ మేకులు, రేకు ముక్కలు దారి నిండా ఉంటాయి, పంచరు షాపులు మూసి ఉంటాయి. అందుకని సెప్టెంబరు నెల చివరికల్లా ఇంట్లో ఒక ట్యూబు, రెండు వాల్వు ట్యూబులు, సొల్యూషను, ప్యాచీలు, ఉప్పు కాగితం, చిన్న పంపు ఒక సంచిలో కట్టి ఉంచండి. ఆ సంచిలోనే పది రోజులకు సరిపడా బి.పి., షుగరు మందులు పెట్టండి. రెండూ ఒకే సంచిలో ఉంటే వెతుక్కోనక్కర లేదు.

సైకిలును ఎండలో నిలబెట్టకండి. ఎండ రబ్బరును పగలదీస్తుంది. ఉప్పు గాలి తగిలే ఊళ్ళవారు వారానికి ఒకసారి మంచినీళ్ళతో రిమ్ములు కడిగి తుడవండి.

మంచి సమరయుడు గాయపడిన వానిని తాను ఎక్కి వచ్చిన జంతువు మీద కూర్చోబెట్టి సత్రానికి చేర్చిన సంగతి మనకు తెలుసు. అతని మనసు మంచిదే, కాని ఆ జంతువు కూడా నడవగలిగే స్థితిలో ఉండబట్టే సహాయం అందింది. మన వాకిట్లో ఉన్న సైకిలు కూడా ఒకనాడు పొరుగువారికి అలా అక్కరకు రావచ్చు. కాబట్టి ఈ ఆదివారం ఆరాధనకు బయలుదేరే ముందు మీ సైకిలు టైరును ఒకసారి బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా ఉంటే గాలి కొట్టండి. ఇంట్లో నొప్పి బిళ్ళల అట్ట ఉంటే ఈసారి ఓ.పి.కి వచ్చినప్పుడు తీసుకొచ్చి మాకు చూపించండి.

ప్రభువు మీ రాకపోకలను కాపాడి, మీకు మంచి ఆరోగ్యం దయచేయాలని ప్రార్థిస్తున్నాము.

– నర్సింగ్ సూపరింటెండెంట్